సినిమా రివ్యూ రాసేవాళ్లకు: గడియారం, యాస, గొంతు

"ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగ్, బీజీఎం (నేపథ్య సంగీతం) కేక." మన దగ్గర రివ్యూల్లో సగం ఈ మూడు ముక్కల దగ్గరే ఆగిపోతాయి. ఇది చదివినవాడికి సినిమా గురించి తెలిసేదేమీ లేదు. ఎక్కడ లాగింది, ఎందుకు లాగింది, ఎవరి పని కుదరలేదు అన్నది రాయగలిగితేనే అది రివ్యూ. అందుకు కావలసిన సామాను తక్కువే: జేబులో పట్టే నోట్‌బుక్కు, ఒక పెన్ను, చేతికి గడియారం. చీకట్లో ఫోన్ వెలిగిస్తే పక్కవాళ్లు తిడతారు, మన కళ్లు కూడా తెర వెలుతురును సరిగ్గా పట్టుకోవు. పేజీకి నాలుగైదు మాటలు, పెద్ద అక్షరాలతో, చూడకుండా గీకేయాలి. ఇంటర్వెల్‌లో కూర్చుని అవి విడమరచుకోవాలి. ఇంటికెళ్లాక చూద్దామంటే మన రాత మనకే అర్థం కాదు.

ముందు సమయాలు. ఉదాహరణకు సెన్సార్ సర్టిఫికెట్ తెరమీద పడింది 11:18కి, ఇంటర్వెల్ 12:32కి, మళ్లీ మొదలైంది 12:47కి, ముగిసింది 2:05కి అనుకుందాం. 74, 78 కలిపితే 152 నిమిషాలు. సర్టిఫికెట్ మీద నిడివి ఉంటుంది, అదీ రాసుకోవాలి. అందులో 158 అని ఉంటే 6 నిమిషాలు ఎక్కడో పోయాయి: విడుదలయ్యాక నిర్మాతలు ట్రిమ్ చేసి ఉండొచ్చు, ఆఖరి పేర్లు పడకుండానే ఆపరేటర్ ఆపేసి ఉండొచ్చు. కథ అతుకు తప్పినట్టు అనిపిస్తే ఈ లెక్క పనికొస్తుంది. 2024 నుంచి యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడొచ్చనే) సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని విడగొట్టారు. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదట అడిగేది అదే కాబట్టి రివ్యూ పైనే వేయండి.

గడియారం అసలు ఉపయోగం "లాగ్" దగ్గర తెలుస్తుంది. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, విలన్ మళ్లీ ఎప్పుడు కనిపించాడు, ఇవి రాసుకుంటే కారణం దానంతటదే బయటపడుతుంది. "25 నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ నడుస్తున్నంతసేపూ ఇప్పటి కథలో హీరోకు వచ్చిన ముప్పు అక్కడే ఆగిపోయింది" అని రాస్తే చదివేవాడికి పట్టు దొరుకుతుంది. చాలాసార్లు తప్పు ఎడిటర్‌ది కాదు, స్క్రీన్‌ప్లేది. కథలో లేని వేగాన్ని కత్తెర తెచ్చిపెట్టలేదు.

థియేటర్ చేసే మోసం ఒకటుంది. పాత సింగిల్ స్క్రీన్‌లో ప్రొజెక్టర్ వెలుగు తగ్గిపోయి ఉంటే రాత్రి సీన్లన్నీ బురదలా కనిపిస్తాయి. పక్క స్పీకర్లు పనిచేయకపోతే నేపథ్య సంగీతం చప్పగా ఉంటుంది. ఇంటికొచ్చి ట్రైలర్‌లో అదే షాట్ చూడండి. అక్కడ మొహాలు స్పష్టంగా ఉంటే కెమెరామన్‌ను తిట్టకూడదు. మొదటిరోజు మొదటి ఆటలో ఈలలకు డైలాగులు సగం వినపడవు. సంభాషణల మీద తీర్పు ఇవ్వాలంటే సోమవారం మ్యాట్నీకి మళ్లీ వెళ్లడమే దారి.

కథ చెప్పేది నాలుగు వాక్యాలు, అదీ ఇంటర్వెల్ దాకానే.

ఇక యాస. నల్లగొండ, పాలమూరు నుంచి రాసేవాళ్లు హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకన్నా బాగా పట్టుకోగలిగేది ఇదే, కానీ ఎక్కువమంది "తెలంగాణ యాస సహజంగా ఉంది" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. సినిమావాళ్లు యాసను పైపైన అద్దుతారు: గట్లనే, గిట్లనే, బిడ్డా, జర. అసలు గుట్టు క్రియాపదం చివర ఉంటుంది. "గట్లనే బిడ్డా, నేను రేపు వెళ్లొస్తాను" అని ఒక అమ్మ పాత్ర అంటే, ముందు సగం మన ఊరిది, వెనక సగం పుస్తకంది. ఆమె అనాల్సింది "పోయొస్త". చేశాను కాదు చేసిన, వచ్చాడు కాదు వచ్చిండు, ఉంది కాదు ఉన్నది. ఒక్కో ముఖ్య పాత్రకు ఐదు క్రియలు రాసుకోండి: రెండు మామూలు సీన్లలోవి, రెండు కోపంలో, ఒకటి ఏడుపులో. యాస జారేది ఎక్కువగా ఆ కోపం, ఏడుపు దగ్గరే. నటుడు గుర్తుపెట్టుకోవడం మరిచి తన సొంత మాటలోకి వెళ్లిపోతాడు. (ఈ వ్యాసం పత్రికల భాషలోనే ఉంది కదా అంటారేమో. వ్యాసానికి ఆ వెసులుబాటు ఉంది, పొలం గట్టు మీద నిలబడ్డ పాత్రకు లేదు.)

అయితే ప్రతి తేడా తప్పు కాదు. కోదాడ, హుజూర్‌నగర్ పక్క మాటలో కృష్ణా జిల్లా వాసన తగులుతుంది. నారాయణపేటలో కన్నడం, అలంపురం దిక్కు కర్నూలు పలుకు కలుస్తాయి. చదువుకున్న కొడుకు ఎమ్మార్వో ముందు ఒకలా, ఇంట్లో ఒకలా మాట్లాడటం నిజమే. కానీ ఒకే ఇంట్లో, ఒకే అన్నం దగ్గర కూర్చున్న తల్లీకొడుకులు కారణం లేకుండా రెండు జిల్లాల తెలుగు మాట్లాడితే అది లోపమే. యాస ఎవరి నోట పెట్టారో కూడా గమనించండి: హీరో శుభ్రమైన తెలుగు మాట్లాడుతుంటే కమెడియన్‌కు, రౌడీ మూకకే యాస అంటగట్టారంటే ఆ సంగతి రాయాల్సిందే.

వృత్తి చూపించిన సినిమాకూ ఇదే పరీక్ష. 2019లో వచ్చిన 'మల్లేశం' పాత నల్లగొండ జిల్లా ఆలేరు పక్క చేనేత ఇళ్లలో ఆసు పోసే (నేతకు ముందు నూలును చేత్తో అటూ ఇటూ తిప్పి పేర్చే) కష్టం మీద నిలబడ్డ కథ. ఒక్క చీర నూలుకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, భుజం పడిపోతుంది. అలాంటి సినిమా మీద రాసేముందు పోచంపల్లిలో ఎవరినైనా అడిగి, తెరమీద చేతి కదలిక సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలి.

నటన గురించి "జీవించాడు" అని రాయకండి. ఒక్కో నటుడికి ఒక్క సీన్ ఎంచుకోండి, అందులో అతను మాట్లాడుతున్నప్పుడు కాకుండా వింటున్నప్పుడు చూడండి. ఎదుటివాడి మాట పూర్తికాకముందే మొహంలో జవాబు వచ్చేస్తే అతను వినట్లేదు, తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. డబ్బింగ్ వేరుగా లెక్కకట్టాలి. మొహం ఒకరిది, గొంతు ఒకరిది అయినప్పుడు "ఏడుపు సీన్ అదరగొట్టింది" అన్న పొగడ్త ఎవరికి చెందుతుంది? తెర కాసేపు చూడకుండా చెవులతో వినండి, తర్వాత ఓటీటీలో వచ్చినప్పుడు మ్యూట్ చేసి చూడండి. ఏది నిలబడితే దానికే మార్కు. మన ఊరివాడన్న అభిమానం పక్కన పెట్టాలి. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి వెళ్లి జానపద సినిమాల్లో కత్తి కాంతారావు అనిపించుకున్నాయనకు ఆ పేరు కత్తి తిప్పినందుకు వచ్చింది, జిల్లా చూసి ఎవరూ ఇవ్వలేదు.

సీరియళ్లకు పద్ధతి మారుతుంది. ఒక్క ఎపిసోడ్ చూసి రాయకూడదు. వారానికి ఆరు చొప్పున మూడు వారాలు, 18 ఎపిసోడ్లు చూస్తే ఒక ట్రాక్ (కథలో ఒక పాయ) ఎలా మొదలై ఎలా తేలుతుందో తెలుస్తుంది. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు 20–22 నిమిషాలు. స్టాప్‌వాచ్ పెట్టి అందులోంచి టైటిల్ సాంగ్, నిన్నటి ముక్క, పాత సీన్ల ఫ్లాష్‌బ్యాక్, ఒకే చెంపదెబ్బకు అత్త, ఆడపడుచు, వంటామె మొహాల మీద మూడేసి సార్లు పడే జూమ్‌లు తీసేయండి. మిగిలినదే ఆ రోజు కొత్త కథ. దాన్నే నిమిషాల్లో రాయండి. సీరియల్ హీరోయిన్లలో చాలామంది కర్ణాటకవాళ్లు. పక్కనుంచి ఒకరు చదివి వినిపించే మాట (ప్రాంప్టింగ్) అందుకుని పలుకుతారు, గొంతు వేరేవాళ్లది. అందుకే మాట మొదలవ్వడానికి అర సెకను ముందు చూపు పక్కకు పోతుంది. పని పరిస్థితి తెలిసి రాయాలి, వెక్కిరించకూడదు. టీఆర్పీ ఎంత వచ్చిందన్నది చూసేవాళ్ల లెక్క, నటనకు మార్కు కాదు. సినిమాల్లో నైజాం షేర్ (తెలంగాణ వసూళ్లలో డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలే వాటా) కూడా అంతే. అది ట్రేడ్ వార్త, రివ్యూలో దానికి చోటు లేదు.

రేటింగ్ చివర్లో వేయండి, రాసింది ఒకసారి చదువుకున్నాక. ఐదు లోపాలు రాసి కింద మూడున్నర వేస్తే రెంటిలో ఒకటి అబద్ధం. పేర్లు ఆఖరి టైటిల్స్‌లోంచే తీసుకోవాలి: రివ్యూల్లో ఎక్కువగా తప్పుపోయేవి మాటల రచయిత, సౌండ్ డిజైనర్ పేర్లే. నటి లావు, నటుడి బట్టతల మీద వాక్యాలుంటే కొట్టేయండి. వీడియో రివ్యూ చేసేవాళ్లు థియేటర్‌లో ఫోన్‌తో పది సెకన్లు కూడా తీయొద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం తెరను రికార్డు చేస్తే కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలవుతుంది. నిర్మాతలే విడుదల చేసిన ట్రైలర్, స్టిల్స్ వాడుకోండి.