విత్తన సారాలతో మొండి బాక్టీరియాపై పరీక్ష – 4వ పాఠం: కనిష్ఠ నిరోధక గాఢత

గత పాఠంలో నల్లజీలకర్ర విత్తనాల మెథనాల్ సారాన్ని అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) పలకలోని గుంటలో పోసి, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకోకస్ ఆరియస్ దాని చుట్టూ ఎంత మేర పెరగలేదో కొలిచాము. ఆ వలయాన్ని బట్టి సారం బలాన్ని తేల్చకూడదు. విత్తనాలలో నూనె పాలు ఎక్కువ. నూనెలో కరిగే పదార్థాలు నీటితో నిండిన అగార్‌లో దూరం పాకలేవు కనుక, గట్టిగా పనిచేసే సారానికి కూడా చిన్న వలయమే రావచ్చు. అందుకే పెరుగుదలను ఆపగల అతి తక్కువ గాఢతను, అంటే ఎమ్ఐసీని, ద్రవ మాధ్యమంలో కనుక్కోవాలి. ఈ బాక్టీరియాతో పని రెండవ స్థాయి జీవభద్రత ఉన్న ప్రయోగశాలలో, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో మాత్రమే చేయాలి, ఇంట్లో ప్రయత్నించకూడదు.

ఎండిన సారం 102.4 మిల్లీగ్రాములను 1 మిల్లీలీటరు డీఎమ్ఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించండి. అందులో 20 మైక్రోలీటర్లను 980 మైక్రోలీటర్ల ముల్లర్-హింటన్ బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే ద్రవ మాధ్యమంలో) కలిపితే మిల్లీలీటరుకు 2048 మైక్రోగ్రాముల ద్రావణం వస్తుంది. కలిపిన క్షణంలోనే అది పాలలా తెల్లబడవచ్చు. అది బాక్టీరియా కాదు, నీటిలో ఇమడలేని నూనె. ఈ తెలుపును ముందే గుర్తుపెట్టుకోకపోతే రేపు దానినే పెరుగుదలగా పొరబడతాము.

96 గుంటల మైక్రోప్లేటు మొదటి వరుసలో 2 నుంచి 10 వరకు 100 మైక్రోలీటర్ల చొప్పున బ్రాత్ పోయండి. 1వ గుంటలో మన ద్రావణం 200 మైక్రోలీటర్లు పోసి, అందులోంచి 100 తీసి 2వ దానిలో కలిపి, దానిలోంచి 100 తీసి 3వ దానిలో కలుపుతూ 10వ గుంట వరకు వెళ్లి, చివరి 100ను పారవేయండి. 11వ గుంటలో సారం లేకుండా 2 శాతం డీఎమ్ఎస్‌ఓ ఉన్న బ్రాత్ 100 మైక్రోలీటర్లు, 12వ దానిలో ఉత్త బ్రాత్ 200 మైక్రోలీటర్లు ఉండాలి.

0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం మసకను కొలిచే ప్రమాణం) మసకకు తెచ్చిన బాక్టీరియా ద్రవంలో మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలుంటాయి. దానిని బ్రాత్‌తో 150 రెట్లు పలుచన చేసి, 1 నుంచి 11 వరకు 100 మైక్రోలీటర్ల చొప్పున పోస్తే ప్రతి గుంటలో మిల్లీలీటరుకు 5 లక్షల కణాలు, 1వ గుంటలో 1024 మైక్రోగ్రాముల సారం, 10వ దానిలో 2 మైక్రోగ్రాముల సారం నిలుస్తాయి. డీఎమ్ఎస్‌ఓ ఎక్కడా 1 శాతం దాటదు.

రెండవ వరుసలో ఇదే సారాన్ని బాక్టీరియా లేకుండా ఉంచండి, మూడవ వరుసలో సారానికి బదులు, పోలిక కోసం వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేయండి. ఈ రెండవ వరుసను నేను మొదట్లో అనవసరమనుకున్నాను. 35 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచిన తరువాత గుంటకు 30 మైక్రోలీటర్ల 0.015 శాతం రెసజురిన్ అనే నీలి రంగు పదార్థం కలిపినప్పుడు నీలం రంగు గులాబీగా మారితే జీవమున్న కణాలు ఉన్నాయని అర్థం. కానీ విత్తన సారంలోని ఆక్సీకరణ నిరోధకాలు తమంతట తామే ఆ రంగును మార్చగలవు. బాక్టీరియా లేని గుంట కూడా గులాబీ రంగు ఎక్కడం ఒకసారి కళ్లారా చూసిన తరువాత ఆ వరుసను నేనెన్నడూ వదలలేదు.

రంగు నీలంగానే మిగిలిన గుంటలలో అతి తక్కువ గాఢత ఉన్నదే ఎమ్ఐసీ. 11వ గుంట గులాబీగా, 12వ గుంట నీలంగా లేకపోతే ఆ ప్లేటును లెక్కలోకి తీసుకోకూడదు. ముడి సారానికి 100 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ ఎమ్ఐసీ వస్తే పరిశోధకులు దానిని గమనించదగినదిగా తీసుకుంటారు. వాంకోమైసిన్‌కు 2 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ వస్తే ఆ స్టాఫిలోకోకస్ దానికి లొంగుతుందని లెక్క. ముడి సారంలో అనేక పదార్థాలు కలిసి ఉంటాయి కనుక శుద్ధమైన మందు అంకెతో దానిని నేరుగా పోల్చడం న్యాయం కాదు.

ఆగిపోవడం వేరు, చావడం వేరు. రంగు వేయడానికి ముందే 1 నుంచి 10 వరకు ప్రతి గుంటలోంచి 10 మైక్రోలీటర్లు తీసి సారం లేని అగార్‌పై పరచి, మరునాడు, నీలంగా మిగిలిన గుంటల తాలూకు కాలనీలను లెక్కించండి. మొదట ఆ 10 మైక్రోలీటర్లలో 5000 కణాలుండేవి. 5 కాలనీలకు మించకపోతే 99.9 శాతం చనిపోయినట్లు. వేరువేరు రోజులలో మూడుసార్లు చేసి, ఒక్కొక్క రోజు అంకెను సగటుగా మార్చకుండా ఉన్నదున్నట్లు రాసిపెట్టుకోండి.