ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో లయన్‌ఫిష్‌ను ఆరోగ్యంగా పెంచడం ఎలా?

ఎర్రటి చారలు, విసనకర్రల్లా విచ్చుకునే రెక్కలు చూసి లయన్‌ఫిష్‌ను చాలా సున్నితమైన చేప అనుకుంటారు గానీ, ఉప్పునీటి చేపల్లో అది గట్టి ప్రాణమే. నీళ్లలో చిన్న చిన్న తేడాలు వస్తే తట్టుకుంటుంది. ఇళ్లలో పెంచేవాళ్లు దాన్ని పోగొట్టుకునేది ఎక్కువగా తిండి దగ్గరే. కొన్ని అసలు తిండి పట్టక పోతాయి, కొన్ని పనికిరాని తిండి తిని, ఇంకొన్ని మోతాదు మించి తిని పోతాయి. అందుకే ఇక్కడ మిగతా సంగతులు క్లుప్తంగా చెప్పి, తిండి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందుగా రకం ఎంచుకోండి

షాపుల్లో తరచుగా కనిపించేది వోలిటాన్స్ లయన్‌ఫిష్. కొనేటప్పుడు అరచేతిలో సగం ఉంటుంది, చూస్తుండగానే అడుగు దాటి పెరుగుతుంది. దానికి 450 లీటర్ల ట్యాంకు కనీసం కావాలి. బాగా చూసుకుంటే పదేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతుంది. ఇల్లు మారినప్పుడల్లా ఆ ట్యాంకునూ మోసుకెళ్లగలరో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి.

మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా డ్వార్ఫ్ రకాలే. ఫజ్జీ డ్వార్ఫ్ లయన్‌ఫిష్, జీబ్రా లయన్‌ఫిష్ రెండూ ఆరేడు అంగుళాల దగ్గర ఆగిపోతాయి. 200 లీటర్ల ట్యాంకులో ఒకటి హాయిగా ఉంటుంది. అందంలో పెద్దవాటికి ఏమాత్రం తీసిపోవు.

ట్యాంకు, నీళ్లు

బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు నేరుగా పోయకండి. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ (ఉప్పునీటి అక్వేరియంల కోసం ప్రత్యేకంగా తయారుచేసే ఉప్పు) కలపాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే 200 లీటర్లకు దాదాపు 7 కిలోలు. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు. వాటిలో సముద్రపు నీటిలో ఉండాల్సిన మిగతా ఖనిజాలు ఉండవు. కలిపాక రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం)తో చూసుకోండి, సాపేక్ష సాంద్రత 1.022 నుంచి 1.025 మధ్య ఉంటే చాలు. పీహెచ్ 8.1 నుంచి 8.4, వేడి 24 నుంచి 27 డిగ్రీలు.

మన దగ్గర అసలు ఇబ్బంది ఈ వేడితోనే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు తేలిగ్గా 30 దాటిపోతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. హైదరాబాద్ లాంటి పొడి గాలి ఉన్నచోట నీటి పైభాగం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ, కాకినాడల్లో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్‌తో అంత ఫలితం ఉండదు, చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనుక్కోవడమే మేలు. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి రోజూ తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి.

లయన్‌ఫిష్ మాంసాహారి, వ్యర్థాలు బాగా వదులుతుంది. నీళ్లలోని వ్యర్థాలను నురుగుతో బయటికి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ లేకుండా మొదలుపెట్టకండి. చేప మొత్తం దూరి దాక్కునేంత గుహ ఒకటైనా రాళ్లతో కట్టండి. నీటి ప్రవాహం మరీ జోరుగా వద్దు, లైటు కూడా మందంగా ఉంటే దానికి హాయి. రాళ్ల కోసం సముద్రతీరంలో పగడపు ముక్కలు ఏరుకురావద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. షాపుల్లో దొరికే డ్రై రాక్, సిరామిక్ రాళ్లు సరిపోతాయి.

ట్యాంకు నింపిన వెంటనే చేపను వేయకూడదు. వ్యర్థాల్లోంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్‌లో స్థిరపడాలి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ బ్యాక్టీరియాకు మేతగా సీసాలో దొరికే అమోనియా గానీ, చిన్న రొయ్య ముక్క గానీ వేసి మొదలుపెట్టి, టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేప కోసం బయల్దేరండి.

షాపులో ఏం చూడాలి?

"ఏమైనా తింటోందా, ఒకసారి వేసి చూపిస్తారా?" అని అడగండి. చూపించకపోతే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. కళ్లు తేటగా ఉండాలి, పొట్ట లోపలికి పోకూడదు, నోరు పూర్తిగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండాలి. ఆయాసపడుతున్నట్టు మొప్పలు కొట్టుకుంటుంటే వద్దు.

వలతో పట్టనివ్వకండి. ముళ్లు వలలో చిక్కుకుంటాయి, రెక్కలు చినుగుతాయి. ప్లాస్టిక్ డబ్బాలోకి నెమ్మదిగా తోలి, మూత ఉన్న బకెట్‌లో తేవడం మంచిది. కవర్‌లోనే తేవాల్సి వస్తే ముళ్లు గుచ్చుకుని చిల్లు పడకుండా రెండు మూడు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేయించండి. ఇంటికొచ్చాక సన్నటి గొట్టంతో మీ ట్యాంకు నీళ్లు చుక్కలు చుక్కలుగా కలుపుతూ అలవాటు చేయాలి. వీలైతే మొదటి నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచండి. తెల్లమచ్చల జబ్బు లాంటిది ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది, మందు కూడా అక్కడే వేయొచ్చు.

తిండి అలవాటు చేయడం

సముద్రంలో పట్టిన లయన్‌ఫిష్‌కు కదిలేదే తిండి. అది వేటాడే తీరు ఒకసారి గమనించండి. పక్క రెక్కలు రెండూ గోడలా చాపి రొయ్యను ఒక మూలకు తరుముతుంది. కాసేపు కదలకుండా నిలబడి, తల కొద్దిగా వంచి చూస్తుంది. ఆ తర్వాత నోరు తెరవడం, రొయ్య మాయమవడం రెప్పపాటులో అయిపోతాయి. కొరకదు, నమలదు. నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. దాని కళ్లు కదలిక కోసమే వెతుకుతాయి కాబట్టి, అడుగున పడి ఉన్న రొయ్య ముక్క దాని లెక్కలో తిండే కాదు. మీరు చేయాల్సిందల్లా చచ్చిన తిండికి కదలిక ఇవ్వడం.

తెచ్చిన మొదటి రోజు ఏమీ పెట్టకండి. మరునాడు సాయంత్రం లైటు తగ్గించి, రెండు మూడు చిన్న మంచినీటి రొయ్యలను ప్రాణంతోనే వదలండి. అంతకుముందు రోజు ఆ రొయ్యలకు మంచి చేపల మేత పెట్టి ఉంచితే వాటి పొట్టలోని పోషకాలు లయన్‌ఫిష్‌కు అందుతాయి. అది ధైర్యంగా తినడం మొదలుపెట్టాక, పొడవాటి ప్లాస్టిక్ పుల్ల కొనకు బతికున్న రొయ్యను తగిలించి అందించండి. పుల్ల కనబడితే తిండి వస్తుందని దానికి తెలియాలి. కొద్ది రోజుల్లో పుల్ల చూడగానే ఎదురొస్తుంది. అప్పుడు అదే పుల్లకు కరిగించిన ఫ్రోజెన్ రొయ్యను గుచ్చి, దాని ముఖానికి జానెడు దూరంలో చిన్నగా కుదుపుతూ పక్కకు జరపండి. నేరుగా ముఖం మీదికి తోస్తే బెదిరి గుహలోకి పోతుంది. పారిపోతున్నట్టు కదిపితేనే వెంటపడుతుంది.

నోట్లోకి తీసుకుని ఉమ్మేసినా నిరాశ పడకండి, అది మంచి గుర్తే. మళ్లీ ఒకసారి ప్రయత్నించి, వద్దంటే ముక్క తీసేసి మర్నాడు చూడండి. కొన్ని వారంలోపే మారతాయి, కొన్నింటికి నెలా రెండు నెలలు పడుతుంది. బాగా తిన్న పెద్ద చేప వారం రోజులు తినకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. చిన్న పిల్లను మాత్రం అన్ని రోజులు పస్తు ఉంచకూడదు, మధ్యలో బతికున్న రొయ్యలు ఇస్తూనే ఉండాలి.

గోల్డ్‌ఫిష్ పిల్లలు చవగ్గా దొరుకుతాయని అవే వేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మంచినీటి చేపల కొవ్వు సముద్రపు చేపకు సరిపడదు, కాలేయానికి కొవ్వు పడుతుంది. పైగా వాటిలో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. కొన్ని రకాల రొయ్యల్లోనూ ఇది ఉంటుంది కాబట్టి ఏ ఒక్కదాన్నే ఏడాది పొడవునా పెట్టకూడదు. రొయ్య, కందవ (స్క్విడ్), సముద్రపు చేప ముక్క, ఆల్చిప్ప మాంసం మార్చి మార్చి ఇవ్వండి. మార్కెట్లో కొన్న పచ్చి రొయ్య చక్కగా పనికొస్తుంది. ఉప్పు, పసుపు తగలనిది తెచ్చి, నోట్లో తేలిగ్గా పట్టేంత ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. వారానికి ఒకసారి విటమిన్ చుక్కల్లో నానబెట్టి ఇవ్వండి.

ఎంత పెట్టాలి? పిల్లలకు రోజు విడిచి రోజు, ఎదిగిన వాటికి వారానికి రెండు మూడుసార్లు. అది మిమ్మల్ని చూసినప్పుడల్లా గాజు దగ్గరికొచ్చి అడుగుతుంది. మనసు కరిగి ప్రతిసారీ పెట్టకండి. పొట్ట కాస్త నిండినట్టు కనిపిస్తే చాలు, ఉబ్బిపోయేదాకా అక్కర్లేదు.

తోడు చేపలు

దాని నోట్లో పట్టే ప్రతిదీ తిండే. క్లౌన్‌ఫిష్, డామ్‌సెల్, రొయ్యలు మిగలవు. ట్రిగ్గర్‌ఫిష్, పఫర్ దాని రెక్కలు కొరుకుతాయి. ట్యాంకు పెద్దదైతే సైజుకు తగ్గ ట్యాంగ్, స్క్విరెల్‌ఫిష్ లాంటివి సర్దుకుపోతాయి.

జబ్బా, కాదా?

అప్పుడప్పుడు ఒళ్లంతా మసకబారి, పైన సన్నటి పొర లేచినట్టు కనిపిస్తుంది. చేప ఒళ్లు దులుపుకుంటుంది, ఆ పొర చీలికలై నీళ్లలో తేలిపోతుంది. లయన్‌ఫిష్ పై పొర విడవడం మామూలే, మందులు పోయక్కర్లేదు. గుహ పైకప్పుకు తలకిందులుగా వేలాడటం, నోరు బార్లా తెరిచి ఆవలించడం కూడా దాని అలవాట్లే. నోరు మూయలేకపోవడం, తిండి పట్టబోయి గురి తప్పుతూ ఉండటం, ఆయాసం, ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ముందు అమోనియా పరీక్ష చేసి, తర్వాతే మందు సంగతి చూడండి. వారానికి పది నుంచి పదిహేను శాతం నీళ్లు మారుస్తూ ఉంటే చాలా ఇబ్బందులు దగ్గరికి రావు.

ముల్లు గుచ్చుకుంటే

వీపు మీద 13, పొట్ట కింద 2, తోక వైపు 3, మొత్తం 18 విషపు ముళ్లుంటాయి. పక్కకు చాచే పెద్ద రెక్కల్లో విషం లేదు. చెయ్యి ట్యాంకులో పెట్టే ముందు చేప ఎక్కడుందో చూడండి, పెట్టాక కూడా దాని మీద నుంచి కన్ను తీయకండి. చచ్చిన చేప ముల్లు కూడా ప్రమాదమే.

గుచ్చుకుంటే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ఈ విషం ప్రోటీన్ కాబట్టి వేడికి విరుగుతుంది. 45 డిగ్రీలు మించని వేడి నీళ్లలో ఆ చోటును 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. నొప్పిలో వేడి తెలియదు కాబట్టి ముందు బాగున్న చేత్తో చూసుకోండి. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. ఆ తర్వాత డాక్టర్‌కు చూపించుకోండి. ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ట్యాంకు మూతకు తాళం ఉండాల్సిందే.

ఇక పెంచలేమనుకుంటే

సముద్రంలో వదలకండి. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో 1985లో మొదటి లయన్‌ఫిష్ కనిపించింది. పెంచినవాళ్లు వదిలేసినవే అక్కడ వ్యాపించాయని భావిస్తున్నారు. ఇప్పుడవి కరీబియన్ అంతా నిండి అక్కడి చిన్న చేపలను ఊడ్చేస్తున్నాయి. మన సముద్రాల్లో లయన్‌ఫిష్‌లు సహజంగానే ఉన్నా, ట్యాంకులోని జబ్బులు బయటి చేపలకు అంటుకునే ప్రమాదం ఉంది. కొన్న షాపును గానీ, ఉప్పునీటి ట్యాంకు ఉన్న మరొకరిని గానీ అడగండి. మూత ఉన్న బకెట్‌లో ఇచ్చి, ముళ్ల సంగతి, అది ఏ పుల్లతో ఏం తినడానికి అలవాటు పడిందో చెప్పండి. ఆ పుల్ల కూడా వాళ్లకే ఇచ్చేయండి.