ప్రాజెక్టు సైటు తాళాలు ఎవరి దగ్గరున్నాయి? సమస్య - పరిష్కారం

ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే కాపీ తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు. డొమైన్ పేరుని మాత్రం ఫోర్క్ చేయలేం. రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర అది ఎవరి ఖాతాలో ఉంటే సైటు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

సమస్య: ఉన్నట్టుండి సైటు పోయి, రిజిస్ట్రార్ ప్రకటనల పేజీ వస్తోంది.

కారణం: డొమైన్ గడువు తీరింది, రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడలేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఆ మెయిల్స్ ఫౌండర్ కాలేజీ ఐడీకి వెళ్తుండేవి. ఆయన కాలేజీ వదిలి అప్పటికే ఆరేళ్లు.

పరిష్కారం: టెన్షన్‌లో కొత్త పేరు కొనేయకండి. డాట్ ఆర్గ్, డాట్ కామ్ లాంటి వాటికి గడువు తీరాక కూడా కొన్నాళ్లు రెన్యువల్‌కి వీలుంటుంది. ఎన్నాళ్లన్నది రిజిస్ట్రార్‌ని బట్టి, గరిష్ఠంగా 45 రోజులు. ఈలోపే వేలానికి పెట్టే రిజిస్ట్రార్లూ ఉన్నారు, కాబట్టి ఆ రోజే ఫోన్ చేయండి. డొమైన్‌ని తొలగించేశాక కూడా 30 రోజుల రిడెంప్షన్ (తిరిగి తెచ్చుకునే) గడువు ఉంటుంది, కానీ ఫీజు బాగా ఎక్కువ. అదీ దాటితే మరో 5 రోజుల్లో ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

సమస్య: డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగులు) మార్చాలి. పాస్‌వర్డ్ ఉన్న మనిషి పలకడం లేదు.

కారణం: మొదటి రోజు ఎవరో సొంత కార్డుతో డొమైన్ కొన్నారు, అది అలాగే ఉండిపోయింది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఉద్యోగం మారినా, ఆరోగ్యం బాగోకపోయినా మనిషి దూరమవుతాడు. 2009లో సెంటొస్ అనే లినక్స్ సిస్టమ్ డెవలపర్లు తమ సహ వ్యవస్థాపకుడికి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది, ఎందుకంటే డొమైన్ ఆయన చేతిలోనే ఉంది. ఆయన స్పందించడంతో కొద్ది రోజుల్లో వ్యవహారం సర్దుకుంది. అందరికీ అలా కలిసిరాదు.

పరిష్కారం: ముందు ఆర్‌డీఏపీలో (డొమైన్ వివరాలు చూపే పబ్లిక్ సేవ) వెతకండి. పేరు దాచి ఉన్నా రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో తెలుస్తాయి. మనిషి దొరికాక నిందించకండి, సాయం అడగండి. డొమైన్‌ని సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ లాంటి లాభాపేక్ష లేని సంస్థ పేరుకి మార్చడం అన్నిటికన్నా మంచిది. ఒక జాగ్రత్త: ఓనర్ పేరు ముందు మారిస్తే వేరే రిజిస్ట్రార్‌కి మార్చనివ్వని 60 రోజుల ట్రాన్స్‌ఫర్ లాక్ పడొచ్చు. అందుకే రిజిస్ట్రార్ దగ్గరున్న మామూలు లాక్ తీసి, ఆథ్ కోడ్‌తో (బదిలీకి అడిగే రహస్య కోడ్) ముందు రిజిస్ట్రార్‌ని మార్చండి, పేరు తర్వాత.

సమస్య: సైటు బాగానే నడుస్తోంది, కానీ ఎవరికీ చెప్పకుండా స్పాన్సర్ లోగోలు, కొత్త విరాళాల లింకు వచ్చేశాయి.

కారణం: సైటు మీద నిర్ణయం ఎవరిదో ఎక్కడా రాసి లేదు. 2022లో గిటీ (కోడ్ హోస్టింగ్ సాఫ్ట్‌వేర్) డొమైన్లు, ట్రేడ్‌మార్క్ ఒక కంపెనీకి వెళ్లాయని తెలిశాక కంట్రిబ్యూటర్లు నొచ్చుకున్నారు, ఫోర్జెయో (Forgejo) అనే ఫోర్క్ పుట్టింది.

పరిష్కారం: సైటు రిపాజిటరీలోనే (కోడ్ ఉండే చోటు) ఒక గవర్నెన్స్ ఫైలు పెట్టండి. మార్పుల్ని మెర్జ్ చేసేదెవరు (కలిపేదెవరు), లోగోకి ఒప్పుకునేదెవరు, విరాళాలు ఏ ఖాతాకి వెళ్తాయి, ఇవి చాలు. రిజిస్ట్రార్ ఖాతాకి కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి, మెయిల్స్ ఉమ్మడి ఐడీకి రావాలి. అందరూ స్నేహంగా ఉన్నప్పుడే ఈ పని చేయించండి, గొడవ మొదలయ్యాక ఎవరూ పాస్‌వర్డ్ ఇవ్వరు.