లారీ ఎక్కకూడనివి ముందే పక్కన పెట్టండి

వేసవి సెలవులు వచ్చాయంటే బదిలీలు, ఇళ్ళ మార్పులు మొదలు. అట్టపెట్టెలు ఎన్ని కావాలి, లారీ ఎన్నింటికి వస్తుంది అన్న లెక్కల్లోనే అందరూ మునిగిపోతారు. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. లారీలో వేయకూడని సామానంతా ముందు రోజు రాత్రికే ఒక గదిలో చేర్చి తాళం వేయండి. సర్దేవాళ్ళు నలుగురైదుగురు వచ్చి అన్ని గదుల్లోనూ ఒకేసారి పని మొదలుపెడతారు. కంటికి కనిపించిందల్లా పెట్టెలోకి వెళ్ళిపోతుంది, పైన టేపు పడుతుంది.

మేము హైదరాబాదు నుంచి విశాఖపట్నం మారినప్పుడు అమ్మ ఇన్సులిన్ అలాగే వెళ్ళిపోయింది. ఫ్రిజ్ ఖాళీ చేసిన అబ్బాయి తలుపు అరలోని చిన్న డబ్బాను పచ్చడి సీసాలతో కలిపి కట్టేశాడు. 600 కిలోమీటర్లకు పైగా దారి, మే నెల ఎండ, మూసి ఉన్న లారీ. సామాను మూడో రోజుకు వచ్చింది. చేరిన రాత్రే మందుల దుకాణం కోసం కొత్త ఊరంతా తిరిగాను. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ వేడి తిన్నదాన్ని వాడటానికి మాకు ధైర్యం చాలలేదు. మంచు ప్యాకు వేసిన సంచిలో, మంచు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, మీ ఒడిలోనే పెట్టుకుని తీసుకెళ్ళండి. గడ్డకట్టినా ఆ మందు పనికిరాదు.

గ్యాస్ సిలిండరు ఖాళీదే కదా అని లారీ ఎక్కించేవాళ్ళున్నారు. ఖాళీ అనుకున్నదాంట్లోనూ కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. అది గాలికన్నా బరువైనది, కారితే పైకి పోదు, లారీ అడుగున పేరుకుంటుంది. వేరే ఊరికి వెళుతుంటే సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్టు సొమ్ము, బదిలీ కాగితం తీసుకోండి. స్టవ్వు మాత్రం మీతో రావచ్చు. బండిని లారీలో వేస్తుంటే ట్యాంకులోని పెట్రోలు పూర్తిగా తీయించాలి. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది కాబట్టి దాన్ని మెకానిక్‌తో విప్పించి, నిలువుగానే ఉంచి, వేరుగా పంపించే ఏర్పాటు చూడండి. పవర్ బ్యాంకులు చేతిసంచిలోకి.

స్నానాల గది సీసాలను చాలామంది పట్టించుకోరు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకే బకెట్టులో పెట్టి కట్టేస్తారు. కుదుపుకు మూత ఊడి ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం అది. పాత ఇంటి పొరుగువారికి ఇచ్చేయండి, కొత్త ఊళ్ళో కొనుక్కోండి. అటక మీద దీపావళికి మిగిలిన చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు ఉన్నాయేమో ఎక్కి చూడండి. పూజగదిలో హారతి కర్పూరం, అగ్గిపెట్టెలు, దీపారాధన నూనె కూడా ఈ కోవలోవే.

నగలు, నగదు లారీలో వేయవద్దని వేరే చెప్పనక్కరలేదు. రవాణా బీమా సాధారణంగా వాటికి వర్తించదు కూడా. కాగితాల విషయంలోనే ఏమరుపాటు ఎక్కువ. ఇంటి దస్తావేజులు, పాస్‌పోర్టులు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల టి.సి., స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒకే ఫైలులో మీ దగ్గరుండాలి. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల స్థానికత తేలేది చాలావరకు ఆ స్టడీ సర్టిఫికెట్లతోనే. చిన్న తరగతులవి కదా అని చెత్తలో కలిపేస్తే తర్వాత పాత బడుల చుట్టూ తిరగాలి. బీరువాను ఖాళీ చేశాక లాకరులో చేయి పెట్టి అడుగు దాకా తడిమి చూడండి. మడిచిన రసీదులు అక్కడే అంటుకుని ఉంటాయి.

ఇక ఆవకాయ. వదిలి వెళ్ళమంటే ఏ ఇంటి ఇల్లాలూ ఒప్పుకోదు, నేనూ చెప్పను. జాడీతో పంపవద్దు, అంతే. మా అత్తగారు వాసెన గట్టిగానే కట్టారు. పగలకుండా ఉంటుందని జాడీని చీరల మధ్య దించాం. దారి పొడవునా కుదుపులకు నూనె పైకి ఎగదన్ని, వాసెన గుడ్డ పీల్చుకుని, మడత మడతకూ దిగింది. పెట్టె తెరిచేసరికి ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర అంచు ఎర్రగా తడిసి ఉంది. ఎన్నిసార్లు ఉతికించినా ఆ మరక పోలేదు. పచ్చడిని బిగుతైన మూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి మార్చి, పైన కాస్త ఖాళీ వదిలి, మీరు ఎక్కే బండిలో నిలువుగా పెట్టుకోండి. ఖాళీ జాడీ లారీలో రావచ్చు.

లారీ ఎక్కనివాటిలో చివరిది ఒక చిన్న సంచి. దేవుడి పటం, పాలు పొంగించే గిన్నె, పంచదార, ఇండక్షన్ పొయ్యి, రెండు దుప్పట్లు, ఫోను ఛార్జర్లు, బీరువా తాళాలు. గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా ఆ పొయ్యే మీ వంటిల్లు.