ఆర్మీకెళ్ళే తమ్ముళ్ళకి: యుద్ధంలో అవతలివాళ్ళ దేవుడి వస్తువు ఎదురైతే ఏం చెయ్యాలంటే

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పొద్దున్నే 1600 మీటర్లు టైం పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్ళు రన్నింగ్ గురించి, మెడికల్ గురించి, రాత పరీక్ష గురించి అన్నీ అడుగుతారు గానీ, అన్నా రేపు బోర్డర్‌లో మసీదో చర్చో ఎదురైతే ఏం చెయ్యాలి అని మాత్రం ఒక్కడూ అడగడు. ట్రైనింగ్‌లో చెప్తారులే అంటారు, నిజమే చెప్తారు, కానీ కాల్పులు జరుగుతుంటే క్లాసులో విన్నది గుర్తురాదు, చేతికి ముందే అలవాటై ఉండాలి.

ముందు ఒకటి తెలుసుకోండి, ఇదేదో మన దయ మీద ఆధారపడ్డ విషయం కాదు, రూలు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళని, ఖైదీల్ని ఎలా చూడాలో చెప్పే 1949 జెనీవా ఒప్పందాల్లో ఇండియా ఉంది, యుద్ధంలో పాత కట్టడాలు గుళ్ళు మసీదులు కాపాడాలన్న 1954 హేగ్ ఒప్పందంలో కూడా ఉంది. నంబర్లు మర్చిపోయినా పర్లేదు.

ఇల్లు సోదా చేసేటప్పుడు గూట్లో గుడ్డ చుట్టి ఎత్తున పెట్టిన పుస్తకం కనిపించిందనుకో, అది ఖురాన్ అనే అనుకుని నడుచుకో. నువ్వు ముట్టుకోకు, ఆ ఇంటి పెద్దాయన్నే తియ్యమను, ఆయన్నే పేజీలు తిప్పమను, నువ్వు పక్కన నిలబడి చూడు, నీ పనీ అవుతుంది ఆయన మర్యాదా ఉంటుంది. నేల మీద పెట్టించొద్దు, దాని మీద ఇంకో సామాను పడెయ్యొద్దు. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ఉన్న గదైతే తల మీద గుడ్డ ఉండాలి, జేబులో బీడీ సిగరెట్ ఉంటే బయటే ఇచ్చేసి వెళ్ళు. ఇంత అవసరమా అనేవాళ్ళు 2012 ఫిబ్రవరిలో అఫ్ఘానిస్తాన్‌లో బగ్రామ్ బేస్ దగ్గర ఏమైందో చూడండి, ఖైదీల లైబ్రరీ నుంచి తీసిన పుస్తకాల్లో రహస్య రాతలున్నాయని అనుమానమొచ్చి అమెరికా వాళ్ళు చెత్తతో పాటు తగలబెట్టడానికి పంపారు, వాటిల్లో ఖురాన్‌లున్నాయి, అక్కడ పనిచేసే లోకల్ వాళ్ళ కంటపడ్డాయి, అంతే, దేశమంతా అల్లర్లు, చాలామంది పోయారు, అమెరికా సైనికులు కూడా. ఆ పుస్తకాలు కాల్చబోయే ముందు ఇవేంటో తెలిసినవాణ్ణి పిలిచి చూపించుంటే సరిపోయేది.

గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ ఎత్తుగా ఉంది కదా అని పైకెక్కి బైనాక్యులర్ పెట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది. వద్దు. దాన్ని నువ్వు యుద్ధానికి వాడితే అవతలోడు దాని మీద కొట్టడానికి నువ్వే కారణం ఇచ్చినట్టు. లోపల్నించి నీ మీదకి కాల్పులొస్తే కవర్ తీసుకో, పైకి చెప్పు, దాన్ని కూల్చాలా వద్దా అన్నది నీ ర్యాంకులో తేల్చే విషయం కాదు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మాంటే కసీనో మఠాన్ని జర్మన్లు వాడుతున్నారేమోనని మిత్రదేశాలు బాంబులేసి నేలమట్టం చేశాయి, అప్పటికి జర్మన్లు అందులో లేరు, శిథిలాలయ్యాక వచ్చి వాటిల్లోనే దాక్కుని ఇంకా గట్టిగా పోరాడారు, అప్పుడు ఆ కొండ ఎక్కాల్సొచ్చిన వాళ్ళలో మన నాలుగో ఇండియన్ డివిజన్ వాళ్ళూ ఉన్నారు.

దొరికిన ఖైదీ మెళ్ళో తాయెత్తో సిలువో, చేతికి కడియమో, ముస్లింల జపమాల తస్బీనో ఉంటే, ఆయుధం కాదని చూసుకుని వెనక్కిచ్చెయ్. ఖైదీ మనసుకి దగ్గరైన సొంత వస్తువులు లాక్కోకూడదని జెనీవా రూల్లోనే ఉంది, ప్రార్థన చేసుకోనివ్వాలని కూడా ఉంది. మన పెదకాకానిలో మల్లేశ్వరస్వామిని చూసొచ్చినోళ్ళే బాజీ బాబా దర్గాకీ వెళ్తారు, గుణదల తిరనాళ్ళకి బొట్టు పెట్టుకున్న ఆడోళ్ళు కూడా వెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తారు, ఇది మనకేం కొత్త కాదు, యూనిఫాం వేసుకున్నాక కూడా గుర్తుంటే చాలు.

అసలు కష్టమైంది శవాల దగ్గర. మనలో చాలామంది ఇళ్ళల్లో దహనమే పద్ధతి కాబట్టి కాల్చేస్తే గౌరవంగా పంపినట్టే అనుకుంటాం, కానీ రూలు వేరే, చనిపోయినవాడి మతం ఒప్పుకుంటేనో, రోగాలొస్తాయని తప్పనిసరైతేనో తప్ప శత్రువు శవాన్ని కాల్చకూడదు. పాతిపెట్టాలి, వీలైతే వాడి మతం ప్రకారం, మెళ్ళో గుర్తింపు బిళ్ళ వివరాలు రాసుకోవాలి, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే దొరికేలా సమాధికి గుర్తు పెట్టాలి. 1999 కార్గిల్‌లో పాకిస్తాన్ తీసుకోని వాళ్ళ సైనికుల శవాల్ని మన ఆర్మీ మౌల్వీని పిలిపించి ఇస్లాం పద్ధతిలోనే ఖననం చేసింది. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది పేరులోదే, ర్యాంకు కాదు) శవాన్ని వెనక్కి పంపేటప్పుడు ఇతను బాగా పోరాడాడు అని మన బ్రిగేడియర్ బాజ్వా జేబులో చీటీ రాసిపెట్టారు, తర్వాత అతనికి వాళ్ళ దేశంలో పెద్ద పతకం నిషానే హైదర్ వచ్చింది. మన దగ్గర దీన్ని తిట్టేవాళ్ళు ఉన్నారు, శత్రువుని పొగడ్డమేంటని, నాకైతే ఆ చీటీ మన ఆర్మీ పరువు పెంచిందనే అనిపిస్తుంది.

పరాయి దేశంలో పోయిన మనోళ్ళకి కూడా ఇలాంటి మర్యాద జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో దెబ్బలు తగిలి ఇంగ్లండ్ బ్రైటన్ ఆసుపత్రుల్లో చేరిన భారతీయ సైనికులకి మతాల వారీగా వంటిళ్ళు వేరేగా పెట్టారు, చనిపోయిన హిందువుల్ని, సిక్కుల్ని ఊరి బయట కొండ మీద దహనం చేశారు, అలా 53 మంది. ముస్లింలని వోకింగ్‌లో మసీదుకి దగ్గర్లో ఖననం చేశారు. ఆ దహనం చేసిన చోట 1921లో ఛత్రి అనే స్మారక మండపం ఆవిష్కరించారు, ఇప్పటికీ ఉంది.

ఫోన్ సంగతి. కూలిన మసీదు ముందు సెల్ఫీ, శవం పక్కన ఫొటో, విరిగిన సిలువ మీద బూటు పెట్టి రీల్, ఇవేవీ వద్దు, ఫ్రెండ్స్ గ్రూప్‌లో కూడా వద్దు.

డౌటొస్తే యూనిట్లోనే అడగొచ్చు. పండిట్ గానీ మౌల్వీ గానీ గ్రంథీ గానీ పాదరీ గానీ, జవాన్ల మతాన్ని బట్టి ధర్మగురువుల్ని ఆర్మీయే పెడుతుంది, వాళ్ళు జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ర్యాంకులో ఉంటారు. ఏదైనా చెయ్యి తగిలి పగిలిందో చిరిగిందో అనుకో, దాచకు, ఆ రోజే సీనియర్‌కి చెప్పు, ఎక్కడ ఎప్పుడు ఏది అని రాసివ్వు, ముక్కలు చెత్తలో వెయ్యకుండా శుభ్రమైన గుడ్డలో కట్టి పెట్టు, ఆ ఊరి పెద్దలకి ఎలా అప్పజెప్పాలో ఆఫీసర్ చూసుకుంటాడు.