ఛార్జర్ మీద గ్రీన్ లైట్, బ్యాటరీలో సగమే ఛార్జ్: క్యాంపింగ్‌లో ఈ-బైక్ సమస్యలు - పరిష్కారాలు

డాలస్‌లో మా స్నేహితుల కుటుంబాలు నాలుగైదు కలిసి ఏడాదికి రెండు మూడు సార్లు స్టేట్ పార్కులకి క్యాంపింగ్ వెళ్తుంటాం. డైనోసార్ వ్యాలీ, కాప్‌రాక్ కాన్యన్స్, పాలో డ్యూరో, ఇలా. ఈ-బైక్‌లు కొన్న దగ్గర్నుంచి ప్రతి ట్రిప్‌లోనూ ఎవరో ఒకరు పొద్దున్నే మా టెంట్ దగ్గరికొచ్చి "అన్నా, బండి ఛార్జ్ ఎక్కలేదు, ఛార్జర్ పోయినట్టుంది" అంటారు. అలా నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా ఛార్జర్ పోయింది ఒక్కటే. మిగతావన్నీ ఒక్క నిమిషం చూస్తే తేలిపోయేవి, ఆ ఒక్క నిమిషమే ఎవరూ చూడరు.

బ్యాటరీ తాళం తీసి బయటికి లాగడం, బండిని ర్యాక్ మీదకి ఎక్కించడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. నేను చెప్పే లెక్కలు మా బండివి: 48 వోల్టులు, 14 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, 2 ఆంపియర్ల ఛార్జర్. ఖాళీ నుంచి నిండడానికి దాదాపు 7 గంటలు పడుతుంది. మీ బ్యాటరీ వేరేదైతే లెక్క మార్చుకోండి.

ఛార్జర్‌కి లైటే వెలగట్లేదు

ముందు అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఫోన్ ఎక్కట్లేదంటే తప్పు మీ ఛార్జర్‌ది కాదు, సైట్ దగ్గరున్న కరెంటు డబ్బాది. దాని మూత ఎత్తితే ఆర్‌వీల (లోపలే ఉండి పడుకునే క్యాంపింగ్ వాహనాల) కోసం 30 ఆంప్స్, కొన్ని చోట్ల 50 ఆంప్స్ సాకెట్ ఉంటుంది, పక్కన మామూలు ఇంటి సాకెట్ 20 ఆంప్స్‌ది ఉంటుంది. ఆ ఇంటి సాకెట్ మీద రీసెట్ అని చిన్న బటన్ ఉంటుంది, దాన్ని గట్టిగా లోపలికి నొక్కండి. అప్పటికీ రాకపోతే బ్రేకర్ చూడండి. ట్రిప్ అయిన బ్రేకర్ మీట మధ్యలో ఆగిపోతుంది, చీకట్లో టార్చ్ వేసి చూస్తే ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా ఆఫ్ వైపు నెట్టి, టక్కుమన్నాక మళ్లీ ఆన్ చెయ్యాలి. ఊరికే ఆన్ వైపు నొక్కితే ఏమీ అవ్వదు.

ఎందుకు ట్రిప్ అయిందో కూడా చూడండి, లేకపోతే రాత్రి రెండింటికి మళ్లీ అదే జరుగుతుంది, మీకు తెల్లారాక గానీ తెలియదు. మన వాళ్ల సైట్లలో నేను చూసిన కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. 1500 వాట్ల హీటర్ నడుస్తుండగా పొద్దున్నే ఎవరో టీ కోసం 1500 వాట్ల కెటిల్ పెడతారు. ఆ రెండూ కలిస్తే 25 ఆంపియర్లు, బ్రేకర్ 20కే. పాపం మధ్యలో బండి ఛార్జర్ తీసుకునేది ఒక ఆంపియర్‌కి కాస్త ఎక్కువ, అంతే, కానీ దానికీ కరెంటు పోతుంది. రెండో కారణం తడి. రెండు ఎక్స్‌టెన్షన్ వైర్లు కలిపిన జాయింట్ గడ్డిలో పడి ఉంటే, మంచు కురిసిన రాత్రి ఆ రీసెట్ బటన్ తప్పకుండా బయటికి ఎగిరి కరెంటు పోతుంది. జాయింట్‌ని నేల మీద వదలకండి, టేబుల్ కింద చెక్కకి వేలాడదీయండి.

20 ఆంప్స్ సాకెట్ అసలు పని చెయ్యని సైట్లు కూడా తగులుతాయి. 30 నుంచి మామూలు ప్లగ్గుకి మార్చే పొట్టి అడాప్టర్ ఒకటి డిక్కీలో పడేసి ఉంచుకోండి. కానీ దాని మీద సన్నటి వైరుతో బండి ఛార్జర్ తప్ప ఇంకేమీ పెట్టొద్దు, అక్కడ బ్రేకర్ 30కి గానీ పడదు, ఆలోపే సన్నటి వైరు వేడెక్కిపోతుంది.

గ్రీన్ లైట్ ఉంది, కానీ బ్యాటరీ నిండలేదు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దీనితో బాగా ఇబ్బంది పడ్డాను.

ఒక థాంక్స్‌గివింగ్ సెలవులకి పాలో డ్యూరో వెళ్లాం. డాలస్ నుంచి ఆరు గంటల పైనే డ్రైవ్, బండ్లు వెనక ర్యాక్ మీద, బ్యాటరీలు బండ్లలోనే. చలిగాలిలో అంతసేపు తిరిగి రాత్రి తొమ్మిదింటికి చేరాం. పదింటికి రెండు బ్యాటరీలూ తీసి, టేబుల్ మీద పెట్టి, ఛార్జర్లు తగిలించి పడుకున్నాం. ఆ రాత్రి టెంపరేచర్ సున్నా కిందకి పోయింది, పొద్దున లేచేసరికి టేబుల్ మీద పొడిమంచు తెల్లగా పేరుకుని ఉంది. ఛార్జర్లు రెండూ గ్రీన్. "బావా, ఫుల్ అయిపోయాయి" అని నేనే అన్నాను. బ్యాటరీ మీదున్న బటన్ నొక్కితే ఐదు గీతల్లో రెండే వెలిగాయి. చలికి గీతలు తప్పు చూపిస్తున్నాయేమో అనుకుని బయల్దేరాం. పది కిలోమీటర్లు పోయాక నా బండి చచ్చిపోయింది. వెనక సీట్లో మా అమ్మాయి, బండి బరువే 30 కిలోల పైన, కాన్యన్ (లోయ) అడుగున దుమ్ము రోడ్డు. అమ్మాయిని దింపి నడిపించుకుంటూ, బండి తోసుకుంటూ తిరిగొచ్చేసరికి మూడు గంటలు పట్టింది, పిల్ల కాళ్లు బొబ్బలెక్కాయి.

రెండో రాత్రి మళ్లీ అలాగే పెట్టాం, మళ్లీ గ్రీన్. ఈసారి మా బావ పడుకునే ముందు ఛార్జర్ మీద చెయ్యి వేసి చూశాడు. "ఇదేంట్రా, రాయిలా చల్లగా ఉంది. పనిచేసే ఛార్జర్ వెచ్చగా ఉండాలి కదా" అన్నాడు. అప్పుడు అర్థమైంది.

గ్రీన్ అంటే బ్యాటరీ నిండిందని కాదు. ఛార్జర్ నుంచి కరెంటు పోవట్లేదని. మామూలుగా బ్యాటరీ నిండితేనే కరెంటు ఆగుతుంది కాబట్టి మనం రెండూ ఒకటే అనుకుంటాం. బ్యాటరీ తగిలించకుండా ఛార్జర్‌ని గోడకి పెట్టి చూడండి, అప్పుడూ గ్రీనే. లోపలికి పోవాల్సిన కరెంటు ఏ కారణంతో ఆగినా అదే గ్రీన్.

మరి బ్యాటరీ ఎందుకు తీసుకోలేదంటే, లోపల బీఎంఎస్ అని ఒక చిన్న బోర్డు ఉంటుంది. మంచి బ్యాటరీల్లో అది సెల్స్ టెంపరేచర్ కూడా చూస్తుంది, సున్నా డిగ్రీల దగ్గరికి పడితే ఛార్జింగ్‌ని ఆపేస్తుంది. అది మన మంచికే చేస్తుంది. గడ్డకట్టే చలిలో లిథియం సెల్‌కి ఛార్జ్ ఎక్కిస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైపొరలా లోహంగా పేరుకుంటుంది, ఆ పోయిన కెపాసిటీ మళ్లీ రాదు, ముదిరితే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. బండి నడపడానికి మాత్రం చలి అంతగా అడ్డం రాదు, మైలేజీ కాస్త తగ్గుతుంది, అందుకే మనకి అనుమానం రాదు. ఇంకో సంగతి, చవక బ్యాటరీలు చాలావాటిలో ఈ చలి కాపలా అసలు ఉండదు, అవి కిమ్మనకుండా ఛార్జ్ ఎక్కించుకుని పాడైపోతాయి. కాబట్టి "మాది ఎక్కుతోందిగా" అని ధీమాగా ఉండకండి.

ఎలా కనిపెట్టాలి: రెండు వైపులా తగిలించాక లైట్ ఎర్రగా మారాలి. మారాక పది నిమిషాలాగి ఛార్జర్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా తగలాలి. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే ప్లగ్గుకీ ఛార్జర్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ కొనండి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. మా 2 ఆంపియర్ల ఛార్జర్ నిజంగా ఎక్కిస్తుంటే అది 120 వాట్ల చుట్టుపక్కల చూపిస్తుంది, ఊరికే తగిలించి ఉంటే రెండో మూడో వాట్లు. డిస్‌ప్లేలో వోల్టేజ్ కనిపించే బండి అయితే అన్నిటికన్నా అదే నమ్మకం. 48 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండితే 54.6 చూపించాలి, 48 దగ్గరే ఉంటే సగం అటూ ఇటూగా ఉన్నట్టు.

ఏం చెయ్యాలి: బ్యాటరీని వెచ్చగా ఉన్నప్పుడే ఛార్జ్ పెట్టండి. మేమిప్పుడు బ్యాటరీలని ర్యాక్ మీద వదలం, కారు లోపల పెట్టుకుని తీసుకెళ్తాం. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఓ అరగంట ఆగి, ఎండ ఉండగానే నాలుగింటికి పెట్టేస్తే, సగం వాడిన బ్యాటరీ రాత్రి ఎనిమిదింటికల్లా నిండిపోతుంది, అందరం మేలుకునే ఉంటాం. పడుకునే ముందు ఛార్జర్ తీసేసి, బ్యాటరీని కారులోకో టెంట్‌లోకో తెచ్చి పెడతాం. ఒకసారి చల్లబడిపోయిన బ్యాటరీ త్వరగా వేడెక్కదు. పైన ముట్టుకుంటే మామూలుగానే ఉంటుంది, లోపలి సెల్స్ మాత్రం రెండు మూడు గంటలైనా చల్లగానే ఉంటాయి, ఓపిక పట్టండి. హీటర్ ముందు పెట్టడం, మంట పక్కన పెట్టడం లాంటివి వద్దు. చలి ఎక్కువగా ఉందని టెంట్ లోపల ఛార్జ్ పెట్టడం అస్సలు వద్దు. పిల్లలు పడుకునే చోట, బయటికి ఒక్కటే జిప్ ఉన్న చోట లిథియం బ్యాటరీ ఛార్జ్ అవ్వకూడదు, నేనైతే ఈ ఒక్క విషయంలో ఎవరితోనైనా గొడవ పెట్టుకుంటాను.

ఎండాకాలంలో దీనికి తిరగేసింది జరుగుతుంది. టెక్సాస్ ఎండలో మూసి ఉంచిన కారులోంచి తీసిన బ్యాటరీనో, ఎత్తు ఎక్కి వచ్చి కాలిపోతున్న బ్యాటరీనో వెంటనే పెడితే 45 డిగ్రీల దగ్గర అదే బోర్డు ఆపేస్తుంది, మళ్లీ అదే గ్రీన్. నీడలో గంట ఉంచి పెట్టండి.

చలీ లేదు, వేడీ లేదు, అయినా వెంటనే గ్రీన్ వస్తోందంటే ఛార్జింగ్ రంధ్రం మీదుండే రబ్బరు మూత చూడండి. అది మడతపడి పిన్ను కింద ఇరుక్కుంటే పిన్ను పూర్తిగా దిగదు. కొన్ని బ్యాటరీలకి పక్కన స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే గానీ ఎక్కదు.

పవర్ స్టేషన్ మీద పెడితే మధ్యలో ఆగిపోతోంది

కరెంటు లేని సైట్లలో ఇది. పవర్ స్టేషన్ అంటే వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె. పవర్ స్టేషన్ సెట్టింగుల్లో ఎకో మోడ్ ఆపెయ్యండి. బ్యాటరీ నిండే దశలో ఛార్జర్ తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది, పవర్ స్టేషన్ ఏమీ తగిలించి లేదనుకుని ఆఫ్ అయిపోతుంది. మా బ్యాటరీలో ఉండేది 672 వాట్ అవర్లు, కరెంటు మార్చడంలో వృథాగా పోయేది కూడా కలుపుకోవాలి, కాబట్టి 500 వాట్ అవర్ల పెట్టె దాన్ని నింపలేదు. కారు సిగరెట్ సాకెట్‌కి ఇన్వర్టర్ పెట్టి ఛార్జ్ చెయ్యాలని చూడకండి, ఫ్యూజ్ పోవచ్చు.

ర్యాక్ మీద బండ్లు ఊగిపోతున్నాయి

హిచ్ గొట్టంలో (కారు వెనక ర్యాక్‌ని తగిలించే చోట) ర్యాక్ కడ్డీ వదులుగా ఉంది, అంతే. ఆ వదులుని పట్టే బోల్టు ఇంటి దగ్గర బిగిస్తారు, మళ్లీ ముట్టుకోరు. ముప్పై నలభై కిలోమీటర్లు పోయాక మొదటి గ్యాస్ స్టేషన్‌లో దిగి ఇంకోసారి బిగించండి, ప్రతిసారీ ఎంతో కొంత తిరుగుతుంది. బ్యాటరీలు తీసేస్తే ఒక్కో బండికి మూడు నాలుగు కిలోలు తగ్గుతుంది. ర్యాక్ మీద ఒక్కో బండికి ఎంత బరువో రాసి ఉంటుంది, మామూలు సైకిల్ ర్యాకులు చాలావరకు ఈ-బైక్ బరువుకి చాలవు. ట్రైలర్ వెనక పెట్టే వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కారు మీద సరిపోయే ర్యాక్ ట్రైలర్ బంపర్ మీద సరిపోదు, వెనక కొస అంత ఎత్తుకి ఎగిరెగిరి పడుతుంది, ట్రైలర్‌కి కూడా పనికొస్తుందని ర్యాక్ మీద రాసి ఉంటేనే పెట్టండి.

తాళం వేశాం, అయినా టెన్షన్‌గా ఉంది

ఉండాల్సిందే, మీరు తాళం దేనికి వేశారో చూడండి. పిక్నిక్ టేబుల్‌కి వేస్తే దాని చెక్క రెండు బోల్టులు విప్పితే ఊడొస్తుంది. సన్నటి కేబుల్ తాళాన్ని చేతి కట్టర్‌తో క్షణాల్లో కోసెయ్యొచ్చు. మేమైతే బండ్లని తిరిగి ర్యాక్ మీదకే ఎక్కించి, మందపాటి గొలుసు రెండు ఫ్రేముల్లోంచీ వెనక చక్రాల్లోంచీ పోనిచ్చి ర్యాక్ కడ్డీకి వేస్తాం. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ర్యాక్‌ని హిచ్‌లో పట్టి ఉంచేది మామూలు పిన్ను అయితే దాని చివరున్న క్లిప్ లాగేసి ర్యాక్‌తో సహా బండ్లన్నీ పట్టుకుపోవచ్చు. ఆ పిన్ను స్థానంలో తాళం ఉన్న పిన్ను పెట్టండి. బ్యాటరీ, డిస్‌ప్లే ఊడేవైతే రెండూ రాత్రికి లోపలికి రావాలి.

గతుకుల్లో బండి ఆఫ్ అయి మళ్లీ ఆన్ అవుతోంది

దుమ్ములో తిరిగాక బ్యాటరీ తీసి పెట్టినప్పుడు వస్తుంది ఇది. బ్యాటరీ తీసి కింద పిన్నులనీ, అది కూర్చునే గాడినీ పొడి గుడ్డతో తుడిచి, క్లిక్‌మనేదాకా నొక్కి, తాళం తిప్పి, చేత్తో లాగి చూడండి. తాళంచెవి తిరగట్లేదంటే బలం పెట్టకండి, అరచేత్తో బ్యాటరీని లోపలికి నొక్కి పట్టుకుని తిప్పితే వచ్చేస్తుంది. కంట్రోలర్ పాడవ్వడం, లోపల వైరు తెగడం లాంటివి క్యాంపులో నేను ఒక్కసారి కూడా చూడలేదు, వాటి కోసం అక్కడ బండి విప్పదీయకండి. రెండో తాళంచెవి మాత్రం ఇంటి డ్రాయర్‌లో కాదు, కారు గ్లవ్ బాక్స్‌లో ఉండాలి.