రోమ్ నుంచి ఏథెన్స్‌కు ఎంతసేపు? టికెట్ చూసి లెక్కేయడం ఇలా

బరంపురంలో నా టికెట్ల షాపుకి ఓడ ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లు ఎక్కువగా వస్తారు. రోమ్‌లో దిగి, ఏథెన్స్ చేరి, పిరేయస్ రేవులో ఓడెక్కాలి. టికెట్ మీద బయల్దేరేది 10:00, దిగేది 13:00 అని చూసి "మూడు గంటలా అన్నా?" అంటారు.

కాదు తమ్ముడూ, రెండే. టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఏథెన్స్ గడియారం రోమ్ కంటే గంట ముందుంటుంది. ఆ గంట తీసేయాలి. తిరుగు ప్రయాణంలో కలపాలి.

దూరం సుమారు 1,050 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున గంటా ఇరవై నిమిషాలే అవుతుంది, కానీ రన్‌వే దాకా పోవడం, పైకి లేవడం, దిగడం కలిపితే మరో అరగంటా నలభై నిమిషాలు వేసుకోవాల్సిందే.

ఇటలీ, గ్రీస్ రెండూ షెంగెన్‌లోవే (ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మామూలుగా పాస్‌పోర్ట్ చెక్ లేకుండా వెళ్లగలిగే యూరప్ దేశాల గుంపు) కాబట్టి ఇమిగ్రేషన్ రోమ్‌లోనే అయిపోతుంది. అక్కడ క్యూ పెద్దది. రెండు విమానాల మధ్య మూడు గంటలైనా లేని టికెట్ నేను ఎవరికీ తీయను, ఆ టెన్షన్ వద్దు.

ఏథెన్స్‌లో మెట్రో మూడో లైను ఎక్కితే గంటలో పిరేయస్.